అమెరికాకు డబ్బు పంపడం, అక్కడి నుంచి రప్పించుకోవడం: విజయవాడలో ఈ సేవలు ఎలా ఉన్నాయి?

మా ఇంట్లో డబ్బు మూడు దారుల్లో సముద్రం దాటుతుంది. టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతున్న మా అమ్మాయికి ఫీజు ఇక్కడి నుంచి వెళ్తుంది. న్యూజెర్సీలో స్థిరపడిన మా తమ్ముడు అమ్మ మందులకు, ఇంటి ఖర్చులకు అక్కడి నుంచి పంపుతాడు. పోరంకిలో వాడి పేరున ఉన్న ఫ్లాటు అద్దె ఇక్కడి ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో, అంటే ప్రవాసుల ఇక్కడి ఆదాయం పడే ఖాతాలో, జమై, ఏడాదికోసారి వాడి దగ్గరికి చేరాలి. ఈ మూడు పనులూ చూసుకునే బాధ్యత నాదే కాబట్టి, బందరు రోడ్డులోని ఒక ప్రైవేటు బ్యాంకు శాఖనూ, గవర్నర్‌పేట వైపున్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖనూ, తమ్ముడు వాడే ఆన్‌లైన్ సంస్థలనూ దగ్గర నుంచి చూసే అవకాశం కలిగింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమెరికా నుంచి విజయవాడకు డబ్బు రావడం ఇప్పుడు చాలా తేలిక. విజయవాడ నుంచి అమెరికాకు పంపడం సాధ్యమే కానీ, అడగకపోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అన్నిటికన్నా కష్టం మాత్రం మన కళ్లెదుట, మన ఊరి శాఖలో ఉన్న ప్రవాస భారతీయుడి ఖాతాలోంచి వాడి సొమ్మును వాడికి చేర్చడం.

ఈ ఊళ్లో ఇలాంటి సేవ బాగుండాలని కోరుకోవడం గొంతెమ్మ కోరికేమీ కాదు. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో విదేశాల్లోని భారతీయులు స్వదేశానికి పంపింది సుమారు 129 బిలియన్ డాలర్లు. 2023-24కు సంబంధించి రిజర్వు బ్యాంకు జరిపిన సర్వేలో అందులో అమెరికా వాటా 27.7 శాతంగా తేలి, ఆ దేశం ఏ ఒక్క గల్ఫ్ దేశం కన్నా ముందుండి మొదటి స్థానంలో నిలిచింది. పటమటలోనో, లబ్బీపేటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో ఏ అపార్టుమెంటు మెట్లెక్కినా ఒక్క ఇంట్లోనైనా అమెరికాలో ఉన్న పిల్లల ఫొటో కనిపిస్తుంది. ఖాతాదారులకు కొదవ లేని చోట కౌంటరు దగ్గర విషయం తెలిసిన మనిషిని కూర్చోబెట్టడం బ్యాంకులకు భారం కాకూడదు.

ముందుగా ఇక్కడి నుంచి పంపే సేవ సంగతి. భారత పౌరులమో కాదో అన్నదానితో సంబంధం లేకుండా, ఈ దేశంలో నివసించే ప్రతి వ్యక్తీ రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద, అంటే అందరూ ఎల్‌ఆర్‌ఎస్ అనే దాని కింద, ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపుకోవచ్చు. 2004లో ఈ పథకం మొదలైనప్పుడు పరిమితి 25,000 డాలర్లే. పాన్ కార్డు తప్పనిసరి, విదేశాలకు సొమ్ము పంపే దరఖాస్తు అయిన ఏ2 ఫారం నింపాలి, చదువు కోసమైతే విశ్వవిద్యాలయం ప్రవేశాన్ని ధ్రువీకరిస్తూ ఇచ్చిన ఐ-20 పత్రం, ఫీజు బిల్లు, విద్యార్థి పాస్‌పోర్టు నకలు జతచేయాలి. బందరు రోడ్డు శాఖలో ఈ కాగితాల విషయంలో నాకు ఇబ్బంది ఎదురుకాలేదు. ఫారెక్స్ (విదేశీ మారకం) డెస్కు దగ్గరున్న కుర్రాడు మర్యాదస్తుడు, కాగితాలు ఒకే విడతలో సరిచూసి తీసుకున్నాడు, రేపు రండి అనలేదు. ఆ శాఖకు నేను మంచి మార్కులు వేసేది ఇక్కడే.

రేటు దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. బదిలీ రుసుము వెయ్యి రూపాయలేనని, తమ దగ్గర చాలా తక్కువని అతను ముందే చెప్పాడు. డాలరు ఎంతకిస్తారని అడిగితే మాత్రం, "సిస్టమ్‌లో వచ్చిన రేటే మేడమ్" అని కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు. లెక్క అర్థం కావడానికి గుండ్రని సంఖ్యలతో చెబుతాను. ఆ వేళకు బ్యాంకుల మధ్య డాలరు 88 రూపాయలకు నడుస్తోందనుకుంటే, ఆ తెర మీద ఉన్నది 89 రూపాయల 30 పైసలు. ఇరవై వేల డాలర్ల ఫీజు మీద ఆ రూపాయి ముప్ఫై పైసల తేడా 26,000 రూపాయలవుతుంది. వాళ్లు ఘనంగా చెప్పుకున్న రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీతో కలిపినా, 1,180 రూపాయలు. కాగితం మీద కనిపించేది ఈ చిన్న మొత్తం. రేటులో కలిసిపోయిన పెద్ద మొత్తానికి రసీదులో ప్రత్యేకంగా ఒక వరుస కూడా ఉండదు. పట్టుచీరల దుకాణంలో కుట్టుకూలి ఉచితమని చెప్పి చీర ధరలోనే దాన్ని కలుపుకోవడం మనకు కొత్తేమీ కాదు, అయినా బ్యాంకు దగ్గర బేరమాడాలని మనలో చాలామందికి తోచదు.

బేరమాడవచ్చు, ఆడాలి కూడా. ఈ రేటు రిజర్వు బ్యాంకు నిర్ణయించి పంపేది కాదు. బ్యాంకు తన మార్జిన్ కలుపుకొని ప్రకటించే కార్డు రేటు. పెద్ద మొత్తానికి శాఖ నుంచి, బ్యాంకు తరఫున డాలర్లు కొని అమ్మే ట్రెజరీ విభాగానికి ఫోన్ చేసి ప్రత్యేక రేటు అడిగే వెసులుబాటు వాళ్లకు ఉంటుంది. నేను ఆ మాటే అంటే, మేనేజరు గదిలోకి వెళ్లి వచ్చిన తర్వాత ఆ తేడా రూపాయి ముప్ఫై పైసల నుంచి అరవై పైసలకు దిగింది. అంటే కేవలం అడిగినందుకు పద్నాలుగు వేలు మిగిలాయి. అడగనివారి సంగతేమిటన్నది ఆ బ్యాంకు ఆలోచించుకోవలసిన విషయం. క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 2019 ఆగస్టులో ఎఫ్‌ఎక్స్ రిటైల్ అనే వేదిక తెచ్చింది. అందులో పేరు నమోదు చేసుకున్న సాధారణ ఖాతాదారుడు బ్యాంకుల మధ్య నడిచే ధరకు దగ్గరి ధరలోనే డాలర్లు కొనుక్కోవచ్చు, తన బ్యాంకు ఎంత మార్జిన్ వేస్తుందో ముందే తెలుసుకోవచ్చు. ఆ పేరు ఎత్తితే శాఖలో ఇద్దరు ముఖాలు చూసుకున్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా విజయవాడ నడిబొడ్డున ఉన్న ఫారెక్స్ శాఖలో ఆ మాట కొత్తగా వినిపించడం నాకు మింగుడుపడలేదు.

డాలర్లు కొన్నందుకు పడే జీఎస్టీ గురించి కూడా అపోహలున్నాయి. మొత్తం సొమ్ము మీద 18 శాతం పడుతుందని మా బంధువొకరు హడలిపోయారు. అలా కాదు. లక్ష రూపాయల వరకు సొమ్ములో ఒక శాతాన్ని, కనీసం 250 రూపాయలను, సేవ విలువగా లెక్కగడతారు. లక్ష నుంచి పది లక్షల వరకు వెయ్యి రూపాయలకు మిగతా దాని మీద అర శాతం కలుపుతారు. పది లక్షలు దాటితే 5,500 రూపాయలకు పైమొత్తం మీద 0.1 శాతం కలుపుతారు. 18 శాతం పన్ను పడేది ఆ విలువ మీదే. పైన చెప్పిన ఇరవై వేల డాలర్లు ఆ కార్డు రేటుకు కొంటే 17,86,000 రూపాయలవుతుంది, దాని మీద జీఎస్టీ 1,131 రూపాయలు. అది పెద్ద బాధేమీ కాదు.

బాధ పెట్టేది టీసీఎస్. పంపే సొమ్ము ఏడాదిలో పది లక్షలు దాటితే, దాటిన భాగం మీద బ్యాంకు ముందుగానే పన్ను వసూలు చేసి ప్రభుత్వానికి కడుతుంది. ఈ పరిమితి 2025 ఏప్రిల్ 1కి ముందు ఏడు లక్షలే. 2025-26లో నేను ఫీజు కట్టినప్పుడు ఉన్న రేట్ల ప్రకారం సొంత డబ్బుతో చదివించేవారికి 5 శాతం, గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థ నుంచి విద్యారుణం తీసుకుని పంపేవారికి ఏమీ లేదు, బంధువుల పోషణ, బహుమతి, పెట్టుబడి వంటి వాటికి 20 శాతం. పై లెక్కలో పది లక్షలు పోగా మిగిలిన 7,86,000 మీద 5 శాతమంటే 39,300 రూపాయలు. ఇది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు మన పన్నులో సర్దుబాటవుతుంది లేదా తిరిగొస్తుంది. జీతగాళ్లయితే 2024 అక్టోబరు నుంచి యజమానికి తెలియజేసి జీతంలోంచి నెలనెలా ముందుగా కోసే పన్ను, అంటే టీడీఎస్‌లోనే తగ్గించుకోవచ్చు. కాకపోతే ఫీజు గడువు ముంచుకొస్తున్నప్పుడు ఆ నలభై వేలూ చేతిలో ఉండాలి కదా.

ఇక్కడే ఆ కుర్రాడి పనిలో నేను చూసిన ఒక లోపం చెప్పాలి. అమ్మాయి ఇంటి అద్దెకు, తిండి ఖర్చులకు ఆమె అమెరికా ఖాతాకు విడిగా కొంత పంపవలసి వచ్చింది. ఏ2 ఫారంలో ప్రయోజనం కోడ్ రాసే గడి ఉంటుంది. అక్కడ అతను తడుముకోకుండా ఎస్1301 అని రాయబోయాడు. అది కుటుంబ పోషణకు సంబంధించిన కోడ్. ఆ కోడ్ పడితే పది లక్షలు దాటిన సొమ్ము మీద 20 శాతం కోత. విదేశీ చదువుకు, అందులో ఫీజులకూ హాస్టల్ ఖర్చులకూ, ఉన్న కోడ్ ఎస్0305. చదువు కోసం అక్కడ ఉంటున్న విద్యార్థి రోజువారీ ఖర్చులు కూడా విద్య కిందికే వస్తాయని ఆదాయపు పన్ను శాఖ 2023లోనే స్పష్టత ఇచ్చింది. "చదువు ఖర్చే కదా బాబూ, పోషణ అని ఎందుకు రాస్తున్నావు?" అని అడిగితే, "అమ్మాయి ఖాతాకే కదా మేడమ్ వెళ్తోంది, అందుకని" అన్నాడు. పుస్తకం తిరగేసి చూసుకుని తర్వాత సరిగానే రాశాడు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. అయితే ఒక గడిలో నాలుగంకెల తేడా ఖాతాదారుడి మీద వేలల్లో పడుతున్నప్పుడు, ఆ గడిని ఖాతాదారుడే కనిపెట్టుకుని ఉండాలనడం సేవ అనిపించుకోదు.

పది లక్షల పరిమితి, రెండున్నర లక్షల డాలర్ల పరిమితి రెండూ పాన్ కార్డుకొక్కటి చొప్పున లెక్క. తల్లీతండ్రీ ఇద్దరికీ సొంత ఆదాయం, సొంత ఖాతాలు ఉంటే ఫీజును ఇద్దరి పేర్ల మీద పంచి పంపుకోవచ్చు. సెమిస్టరు గడువు కలిసొస్తే కొంత మార్చిలో, కొంత ఏప్రిల్‌లో పంపితే రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడుతుంది. ఈ రెండు మాటలూ నాకు చెప్పింది బ్యాంకు కాదు, సూర్యారావుపేటలో మా లెక్కలు చూసే సీఏ గారు.

సొమ్ము బయల్దేరిన తర్వాత ఏమవుతుందన్నది చాలామందికి అంతుపట్టని విషయం. స్విఫ్ట్ ద్వారా పంపాం అంటారు కానీ, 1973లో బెల్జియంలో ఏర్పడి ఈ రోజు పదకొండు వేలకు పైగా సంస్థలను కలుపుతున్న స్విఫ్ట్ అనేది డబ్బు మోసే వాహనం కాదు; ఫలానా ఖాతాకు ఇంత జమ చేయమని ఒక బ్యాంకు మరో బ్యాంకుకు పంపే సందేశపు వ్యవస్థ. మన బ్యాంకుకు న్యూయార్క్‌లోని ఏదో పెద్ద బ్యాంకులో డాలర్ల ఖాతా ఉంటుంది, దాన్ని నోస్ట్రో ఖాతా అంటారు. సందేశం వెళ్లాక అక్కడి లెక్కలో ఒకచోట తగ్గించి మరొకచోట కలుపుతారు. మధ్యలో ఇంకో బ్యాంకు చేయి పడితే అది తన రుసుము మినహాయించుకుంటుంది. ఫారంలో ఛార్జీలు ఎవరివి అని అడిగే చోట మూడు ఎంపికలుంటాయి. అన్నీ పంపేవారివే అని రాస్తే సాధారణంగా పూర్తి మొత్తం చేరుతుంది, చెరిసగం అని రాస్తే మధ్యలో కొన్ని డాలర్లు రాలిపోతాయి. విశ్వవిద్యాలయం ఫీజు విషయంలో ఇరవై డాలర్లు తగ్గినా బకాయి ఉన్నట్టే చూపిస్తుంది, బకాయి ఉంటే తర్వాతి సెమిస్టరుకు కోర్సుల నమోదు ఆపేసే చోట్లూ ఉన్నాయి. కాబట్టి మొదటి ఎంపికే మంచిది. చెల్లింపు వివరాల గడిలో విద్యార్థి గుర్తింపు సంఖ్య తప్పక రాయించాలి. డబ్బు చేరినా అది ఎవరిదో తెలియక విశ్వవిద్యాలయం వారి దగ్గర ఊరికే పడి ఉండడం అరుదేమీ కాదు.

బందరు రోడ్డు శాఖ ఈ విషయంలో మెచ్చుకోదగ్గ పని ఒకటి చేసింది. పంపిన సాయంత్రమే స్విఫ్ట్ సందేశం నకలు మెయిల్ చేసింది. అందులో ప్రతి చెల్లింపుకూ విడిగా ఉండే ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాని సాయంతో సొమ్ము ఏ బ్యాంకు దగ్గర ఆగిందో ఆరా తీయవచ్చు. అడిగితే గానీ ఆ నకలు ఇవ్వని శాఖలు కూడా ఉన్నాయని మా బంధువుల మాట. మీరు ఏ బ్యాంకుకు వెళ్లినా దాన్ని అడిగి తీసుకోండి.

అటు నుంచి ఇటు వచ్చే దారి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, అది బాగా నడుస్తోంది కాబట్టి. తమ్ముడు వైజ్, రెమిట్లీ వంటి సంస్థల యాప్‌లలో రేట్లు పోల్చుకుని, తన అమెరికా బ్యాంకు ఖాతా నుంచి చెల్లించి, అమ్మ పొదుపు ఖాతాకు పంపుతాడు. ఇక్కడి చివరి అంచెలో ఐఎంపీఎస్ వంటి మన దేశీయ విధానంలోనే డబ్బు జమవుతుంది కాబట్టి శాఖకు వెళ్లే పని లేదు. నాకు బాగా నచ్చినది పారదర్శకత. పంపకముందే రుసుమెంత, రేటెంత, చివరికి చేరే రూపాయలెన్ని అన్నవి తెర మీద కనిపిస్తాయి. ఇది ఆ కంపెనీల ఔదార్యం కాదు, అమెరికాలో 2013 అక్టోబరు నుంచి అమలవుతున్న నిబంధన. డబ్బు చెల్లించిన అరగంటలోపు, అది అవతలివారికి అందకపోతే, రద్దు చేసుకునే హక్కు కూడా అందులోనే ఉంది. మన దగ్గర శాఖలో డాలర్లు కొనేటప్పుడు కూడా సంతకానికి ముందే ఇలాంటి కాగితం ఒకటి చేతికిస్తే, రేటు గురించి నేను పైన రాసిన పేరాలు అవసరమయ్యేవే కావు.

ఒక్క జాగ్రత్త. మొదటిసారి పంపేవారికి కొన్ని సంస్థలు ఊరించే రేటు చూపిస్తాయి, రెండోసారికి అది ఉండదు. వైజ్ మార్కెట్ మధ్య రేటునే ఇచ్చి రుసుమును విడిగా చూపుతుంది. కొన్ని సంస్థలు రుసుము సున్నా అని చెప్పి రేటులో కలుపుకుంటాయి. కాబట్టి వెయ్యి డాలర్లు పంపితే ఇక్కడ ఎన్ని రూపాయలు పడతాయన్న ఒక్క ప్రశ్నతోనే వాటిని పోల్చాలి. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో విదేశాలకు పంపే సొమ్ము మీద ఒక శాతం పన్ను వచ్చింది కానీ అది నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపేవారికే. బ్యాంకు ఖాతా నుంచి పంపేవారికి వర్తించదు. మొదట 5 శాతమని ప్రచారం జరిగినప్పుడు మా అపార్టుమెంటులో జరిగిన చర్చలు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. తమ్ముడు పంపే డబ్బుకు ఇక్కడ అమ్మ పన్ను కట్టనక్కర్లేదు, దగ్గరి బంధువులు ఇచ్చేదానికి మినహాయింపు ఉంది. స్నేహితులో, దూరపువారో పంపితే ఏడాదికి 50,000 రూపాయలు దాటాక లెక్క చూపాలి.

ఏలూరు రోడ్డు వెంట ఇంకా కనిపించే వెస్టర్న్ యూనియన్ తరహా బోర్డుల దగ్గర నగదు తీసుకునే పద్ధతికి పరిమితులు ఎక్కువ. ఒక్కో విడతకు 2,500 డాలర్లు, ఒక్కొక్కరికి ఏడాదికి 30 విడతలు, చేతికి నగదుగా 50,000 రూపాయల వరకే. బ్యాంకు ఖాతా ఉన్నవారికి దాని అవసరం లేదు.

వివరాలు ఒకసారి సరిచూసుకోవలసినవారు కొందరున్నారు. పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఈ ప్రాంతంలో పాత పాసుపుస్తకాలు చాలావరకు ఆ బ్యాంకువే. అమెరికాలో ఉన్న పిల్లల యాప్‌లలో ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ నిల్వ ఉండిపోతే, యూబీఐఎన్‌తో మొదలయ్యే కొత్తది పెట్టుకోమని చెప్పండి.

ఇక మూడో దారి. గవర్నర్‌పేట వైపున్న ఆ ప్రభుత్వ రంగ బ్యాంకు మీద నాకు పగ ఏమీ లేదు. మా నాన్నగారి పింఛను కూడా ఒకప్పుడు అక్కడే వచ్చేది. అయినా ఎన్నారై ఖాతాల విషయంలో అక్కడ అందుతున్న సేవకు పాస్ మార్కులు కూడా వేయలేను.

విదేశానికి వెళ్లినవారు తమ పాత పొదుపు ఖాతాను అలాగే ఉంచుకోకూడదు, ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలి. అద్దె, పింఛను వంటి ఇక్కడి ఆదాయం ఎన్‌ఆర్‌ఓలో పడుతుంది. విదేశంలో సంపాదించి పంపింది ఎన్‌ఆర్‌ఈలో పెట్టుకుంటే అసలూ వడ్డీ రెండూ ఎప్పుడైనా వెనక్కి తీసుకెళ్లవచ్చు, ఆ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద మాత్రం 30 శాతం, సెస్సుతో 31.2 శాతం, మూలంలోనే కోస్తారు. ప్రవాసి ఇంట్లో అద్దెకుండేవారు కూడా అద్దెలో అంతే శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలన్నది చాలామంది అద్దెదారులకు తెలియని నిబంధన. పోరంకి ఫ్లాటులో ఉంటున్నవారికి అది అర్థమయ్యేలా చెప్పడానికి నేను పడ్డ శ్రమ ఇంకో సమీక్షకు సరిపోతుంది.

నేను పనులు చూడడానికి తమ్ముడు న్యూయార్క్‌లోని భారత కాన్సులేట్ ధ్రువీకరణతో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపాడు. విదేశంలో రాసిన పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి. జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ పని అనుకున్నదానికన్నా సాఫీగా జరిగింది. దాన్ని పట్టుకుని బ్యాంకుకు వెళ్తే అసలు కథ మొదలైంది. ఈ పత్రం ఇల్లూ వాకిలికి చెల్లుతుంది గానీ తమ ఖాతాకు చెల్లదని, తమ బ్యాంకు అచ్చు వేసిన నమూనాలోనే రాసి పంపాలని అన్నారు. సరే, తమ్ముడు మళ్లీ కాన్సులేట్ గడప తొక్కి అదీ పంపాడు. ఈసారి ఖాతా తెరిచిననాటి సంతకానికీ ఇప్పటి సంతకానికీ పోలిక లేదన్నారు. ఇరవై ఏళ్ల కిందట ఇంజినీరింగు చదివే రోజుల్లో పెట్టిన సంతకం అది. "అక్కా, నేనే స్వయంగా వచ్చి నిలబడితే నన్నైనా గుర్తుపడతారా?" అని వాడు ఫోనులో నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అవన్నీ దాటిన తర్వాత అద్దె డబ్బు అమెరికాకు పంపమని దరఖాస్తు ఇచ్చాను. ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఆస్తి అమ్మిన డబ్బు వంటి నిల్వలను ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. అద్దె వంటి ఎప్పటికప్పటి ఆదాయం పన్ను పోగా ఆ పరిమితితో పని లేకుండానే పంపవచ్చు, పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవారు కూడా ఆ ఆదాయాన్ని ఖాతాదారుడికి పంపవచ్చు. రిజర్వు బ్యాంకు సూచనల్లో ఇవన్నీ స్పష్టంగా ఉన్నాయి. పన్ను కాగితాల మాటకొస్తే, 2025-26లో ఉన్న నిబంధనల ప్రకారం ఏడాదిలో పంపేది ఐదు లక్షల రూపాయలు దాటకపోతే విదేశానికి పంపే సొమ్ము పన్ను వివరాలు తెలిపే 15సీఏ ఫారంలో మొదటి భాగం ఆన్‌లైన్‌లో నింపి ఇస్తే చాలు. సీఏ ధ్రువపత్రమైన 15సీబీ అక్కర్లేదు. నెలకు ఇరవై రెండు వేల అద్దె ఏడాదికి 2,64,000. ఎలా చూసినా ఐదు లక్షల లోపే. అయినా కౌంటరులో ఉన్న అధికారి 15సీబీ లేనిదే ఫైలు ముట్టుకోనన్నారు. నిబంధన ముద్రించి చూపితే, "ఇదంతా మాకు తెలియదండీ, మా చెక్‌లిస్టులో ఉంది, తెచ్చుకోండి" అన్నారు. ఆ ధ్రువపత్రానికి సీఏ గారికి ఇచ్చే రుసుము, బ్యాంకు రుసుము, డాలరు మీద తేడా అన్నీ కలిపితే చిన్న మొత్తం పంపేవారికి ఈ పని గిట్టుబాటు కాదు. చట్టం అడగని కాగితాన్ని బ్యాంకు అడగడం వల్ల పడే భారం ఇది.

చివరికి శాఖాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని మీద ముద్ర వేయించుకున్నాక కదలిక వచ్చింది. ముప్ఫై రోజుల్లో బ్యాంకు నుంచి సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం తృప్తినివ్వకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. అంతదూరం వెళ్లకుండానే డబ్బు కదిలింది గానీ, అంబుడ్స్‌మన్ అన్న పేరు ఆ కాగితంలో లేకపోతే కదిలేదని నేను అనుకోను.

ఖాతాను దూరం నుంచి వాడుకోవడంలో ఇంకో చిక్కు ఓటీపీ. తమ్ముడి పాత భారతీయ సిమ్ రీఛార్జి లేక ఆగిపోవడంతో నెట్ బ్యాంకింగ్ తలుపు మూసుకుపోయింది. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు విదేశీ ఫోన్ నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలును 2023 జనవరిలో అమెరికాతో సహా పది దేశాలవారికి ఇచ్చారు. ఈ వసతి వాస్తవంగా దొరకాలంటే ముందుగా బ్యాంకు ఆ విదేశీ నంబరును ఖాతాకు జోడించాలి. అందుకోసం మాత్రం ఖాతాదారుడే వచ్చి శాఖలో సంతకం పెట్టాలన్నారు. ఖాతాలో రెండేళ్లపాటు ఖాతాదారుడి వైపు నుంచి ఏ లావాదేవీ లేకపోతే దాన్ని నిష్క్రియ ఖాతాగా మారుస్తారు, పదేళ్లు గడిస్తే సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది. తర్వాత కూడా అడిగి తెచ్చుకోవచ్చు గానీ, పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు గుడికీ, బంధువుల ఇళ్లకీ తిప్పడంతోపాటు ఒక పూట బ్యాంకుకు కూడా తీసుకెళ్లి ఫోన్ నంబరు, కేవైసీ, సంతకం సరిచేయించడం మంచిది.

ఫీజు పంపడానికి బందరు రోడ్డు శాఖకే మళ్లీ వెళ్తాను, ప్రత్యేక రేటు అడిగే షరతు మీద. ఎన్‌ఆర్‌ఓ ఖాతాను వేరే బ్యాంకుకు మార్చే కాగితాలు తమ్ముడు ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు పెడతాం. బందరు రోడ్డు శాఖకు వెళ్లేవారికి ఒక మాట. అక్కడి ఫారెక్స్ డెస్కు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఇచ్చిన దరఖాస్తును మరుసటి పనిదినం రేటుకే చూస్తుంది, శుక్రవారం ఆలస్యంగా ఇస్తే అమెరికాలో శని, ఆదివారాలు అడ్డొచ్చి డాలర్లు చేరేసరికి తర్వాతి వారం అవుతుంది, రెండో, నాలుగో శనివారాల్లో శాఖే ఉండదు. కారు పెట్టడానికి చోటు లేదు, ఆటోలో వెళ్లడం నయం.